తాత్కాలిక ప్రాతిపదికన ఒక నాలుక

ప్రభుత్వోద్యోగి పనివేళల్లో తాగకూడదని ఒక రూలు. రుచి చూడకుండా ఏ సీసానీ పాస్ చెయ్యకూడదని ఇంకో రూలు. రెండూ మంచి రూళ్ళే. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టడానికి లేదు. రెండిటినీ తీసుకెళ్ళి ఒకే ఆఫీసుకి ఇచ్చారు, అక్కడొచ్చింది చిక్కు. ఆ రెండిటి మధ్యా ఇరుక్కున్నది మాత్రం మంజీర నాలుక.

ఆఫీసు పేరు పానీయ రుచి మదింపు మండలి. బెజవాడలో ఆటోనగర్ వైపు పోయే దారిలో, పెళ్ళిళ్ళు సరిగ్గా తగలక మూతపడ్డ ఒక ఫంక్షన్ హాల్లో ఉంటుంది. అద్దె మొత్తం హాలుకి కడుతున్నారు కాబట్టి హాల్లో ఉన్నవన్నీ ఆఫీసువే. పెళ్ళి వేదిక, దాని మీద సింహాసనాల్లాంటి ఎర్ర మఖమల్ కుర్చీలు రెండు, వెనకాల థర్మోకోల్ నెమళ్ళు. పెళ్ళికొడుకు కుర్చీలో చైర్మన్ ధనుంజయరావుగారు కూర్చుంటారు. పెళ్ళికూతురు కుర్చీ సూపరింటెండెంట్ త్రిపురసుందరి మేడమ్‌ది. మంజీరకీ ఆమె కంప్యూటరుకీ భోజనాల హాల్లో, చేతులు కడుక్కునే కొళాయిల పక్కన చోటిచ్చారు.

మండలి ఎందుకు పుట్టిందంటే, ఏదో మీటింగులో ఎవరో పెద్దాయన రోజూ ఒక గ్లాసు ఎర్ర వైను గుండెకి మంచిదట అన్నాడు. ఆ “అట” మీటింగు దాటేలోపే ఎక్కడో జారిపోయింది, మిగతాది పథకమైంది. సామాన్యుడి గుండెకి సరసమైన ఫ్రెంచి వైను. అయితే ఫ్రెంచివాళ్ళు బాగుందన్నంత మాత్రాన మనకి బాగున్నట్టా? మన రుచికి మనమే మార్కులేసుకోవాలి. అదీ మండలి. పుట్టి ఏడాదైనా ఒక్క సీసా రాలేదు. మండలి మాత్రం నెలనెలా సమావేశమై, టీ తాగి, సీసా రానందుకు ఆందోళన వ్యక్తం చేసి లేచేది.

మంజీర బీటెక్ కంప్యూటర్స్. ఏజెన్సీ ద్వారా వచ్చిన అవుట్‌సోర్సింగ్ మనిషి. జీతం లేటైందని అడిగితే “నువ్వు మా మనిషివి కాదు కదమ్మా, ఏజెన్సీని అడుగు” అంటారు. సెలవు అడిగితే “ఇది గవర్నమెంటాఫీసనుకున్నావా, మీ ఇల్లనుకున్నావా” అంటారు. మార్చితో కాంట్రాక్టు అయిపోయింది, జూన్ దాకా పొడిగించారు. జూన్ తర్వాత అసలు ఆ పోస్టే ఉండదని క్యాంటీన్లో టాక్. తనని పర్మనెంటు చెయ్యమని మంజీర పెట్టుకున్న దరఖాస్తు ఎప్పట్నుంచో “పరిశీలనలో ఉన్నది”. ఇంట్లో అమ్మ అపార్ట్‌మెంటు మొత్తానికీ “మా అమ్మాయికి పర్మనెంటు అయినట్టే” అని చెప్పేసింది. ఆ “అయినట్టే” నిజం కాకపోతే తను ఏ మొహంతో లిఫ్టెక్కాలో మంజీరకి తెలీదు.

సీసా ఏప్రిల్లో వచ్చింది.

పట్టుకొచ్చినాయన కాకినాడ బాబ్జీ. ఆయన అసలు వ్యాపారం రొయ్యలు. రొయ్యలు పట్టుకెళ్ళిన ఓడ ఖాళీగా తిరిగొస్తుంటే చూడబుద్ధి కాక వైనులోకి దిగాడు. సీసా మీద బుట్టలు మోస్తున్న గాడిద బొమ్మ, దాని కింద ఫ్రెంచిలో చాంతాడంత పేరు. ఆ పేరు పలకడానికి చైర్మన్‌గారు రెండుసార్లు ప్రయత్నించి, గొంతు సవరించుకుని, “ఈ గాడిద సీసా” అన్నారు. రికార్డుల్లో కూడా అదే పడింది.

ఇలాంటి రోజు కోసమే మండలి మూడు కొటేషన్లు పిలిచి ఒక కార్క్‌స్క్రూ కొనిపెట్టుకుంది. వెండి రంగుది, చెక్కపెట్టెలో పట్టుపరుపు మీద పడుకుని ఉంటుంది. ధనుంజయరావుగారు దాన్ని ఒక చేత్తో, సీసాని ఇంకో చేత్తో పట్టుకుని, సీసా తల చూసి ఆగిపోయారు.

“ఇదేంటయ్యా, బిరడా లేదు?”

“మూతండి. తిప్పితే వచ్చేస్తాదండి. దగ్గుమందు సీసాకి మల్లే.”

“తెరవడానికి ఎటువంటి ప్రయాసా అవసరం లేని సీసాని మండలి నాణ్యమైనదిగా ఏ విధంగా పరిగణించగలదు?”

“ఆయ్, అందుకేనండి సరసమైన ధర.”

మూత విషయంలో మండలి అసంతృప్తి వ్యక్తం చేసినట్టు మంజీర టైపు చేసుకుంది. చైర్మన్‌గారు మూత తిప్పారు. టక్‌మంది. హాలంతా ఒక వాసన పాకింది. అది ఆ హాల్లో ఎప్పుడో జరిగిన పెళ్ళిళ్ళ వాసన కంటే మెరుగ్గానే ఉంది. ఆయన టీ గ్లాసులో రెండు గుక్కలు పోసుకుని పెదాల దాకా తీసుకెళ్ళారు.

“ఒక్క నిమిషం సార్,” అన్నారు త్రిపురసుందరి మేడమ్.

ఆవిడ రూలు పుస్తకం తెరవగా ఎవరూ చూళ్ళేదు. అవసరం లేదు. అంతా నోటికే.

“మీరిప్పుడు విధి నిర్వహణలో ఉన్నారు సార్.”

“రుచి చూడటమే కదమ్మా నా విధి!”

“రుచి చూడటం విధి. తాగడం నేరం. నోట్లో పోసుకున్నాక ఏది ఎక్కడ ఆగిందో, రెండోది ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం.”

“పోనీ పూటకి సెలవు పెడతా.”

“పెట్టండి, తాగండి. సెలవులో ఉన్నవాళ్ళ సంతకం చెల్లదు.”

“రేపొచ్చి చేస్తా.”

“రేపు మీరు చూడని రుచికి సంతకం పెట్టినట్టవుతుంది. ఇవాళ రుచి చూసింది సెలవులో ఉన్న ధనుంజయరావుగారు. మండలి దృష్టిలో ఆయన బయటి వ్యక్తి.”

ధనుంజయరావుగారు ఆ బయటి వ్యక్తిని తలుచుకుని కొంచెం అసూయపడ్డట్టు కనిపించారు. గ్లాసు మాత్రం కింద పెట్టలేదు.

“భోజన విరామంలో?”

“విరామం కూడా విధిలో భాగమే సార్. పోయినేడు మీరు విరామంలో జారిపడితే వైద్యం ఖర్చు మనమే పెట్టాం.”

“నే తాగి పెడతానండీ, నాకేం విధులు లేవు కదండీ,” అని బాబ్జీ ముందుకొచ్చాడు.

“సరుకు నీది, రుచీ నువ్వే చూస్తావా?” అన్నారు మేడమ్. బాబ్జీ మళ్ళీ వెనక్కెళ్ళి నిలబడ్డాడు.

ఫ్యాను తిరిగినప్పుడల్లా థర్మోకోల్ నెమళ్ళు కిరకిరమన్నాయి. ఆ చప్పుడుకి తోడు ఎక్కణ్ణుంచో కీబోర్డు చప్పుడు. చైర్మన్‌గారి తల మెల్లిగా అటు తిరిగింది. మేడమ్ తలా తిరిగింది.

“అమ్మాయ్, ఇలా రా తల్లీ.”

ఆయన తనని తల్లీ అనడం మంజీర వినడం అదే మొదటిసారి. లేచి వేదిక ముందుకొచ్చి నిలబడింది.

“నువ్వు మన ఉద్యోగివా?” అన్నారాయన.

ఈ ప్రశ్నకి జవాబు కోసమే మంజీర ఇన్నాళ్ళూ తిరిగింది. ఇప్పుడదే ప్రశ్న ఎదురొచ్చి తననే అడుగుతోంది. అవునంటే తాగకూడదు, మండలికి తనతో పన్లేదు. కాదంటే దరఖాస్తు చిత్తుకాగితం. కోడింగు క్లాసుల్లో ఇలాంటి లూపులు చాలా చూసింది. లోపలికి వెళ్ళే దారేగానీ బయటికొచ్చే దారి ఉండదు.

“అది మీరే చెప్పాలి సార్.”

“ఏజెన్సీ మనిషి సార్,” అన్నారు మేడమ్. “విధులు మనవే, విధి నిర్వహణ మనది కాదు. తాగొచ్చు.”

“తాగుతాను సార్. కానీ నోటిమాట మీద తాగను. నన్ను మండలిలోకి తీసుకున్నట్టు ఆర్డరివ్వండి.”

“నిన్ను తీసుకుంటే నువ్వు ఉద్యోగివైపోతావు కదమ్మా, అప్పుడు తాగడానికుండదు,” అన్నారు చైర్మన్‌గారు, పాపం నిజంగానే బాధపడుతూ.

మేడమ్ కళ్ళు మూసుకున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుంటే రాష్ట్రంలో ఎక్కడో ఒక రూలు కదులుతుంది. తెరిచి అన్నారు, “మొత్తం మనిషిని తీసుకోనక్కర్లేదు సార్. పని ఎంతవరకో అంతవరకే తీసుకుందాం.”

ఆర్డరు సాయంత్రానికి వచ్చింది. టైపు చేసింది మంజీరే.

“కుమారి మంజీర గారి నాలుకను ప్రజాప్రయోజనార్థం తాత్కాలిక ప్రాతిపదికన మండలి అధీనంలోకి తీసుకోవడమైనది. సదరు నాలుక మినహా శేష శరీరము యథాప్రకారం ఏజెన్సీ వారి వద్దనే కొనసాగగలదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.”

మంజీర రెండుసార్లు చదువుకుంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు గానీ ఒకటి మాత్రం అనిపించింది. ఇన్నాళ్ళూ ఒక్క వెంట్రుకని కూడా తీసుకోలేదు వీళ్ళు. నాలుక అంటే మొదలు దొరికినట్టే. మిగతా మనిషి దాని వెనకాలే వస్తుంది, ఎక్కడికి పోతుంది?

మర్నాడు పొద్దున రుచి.

మార్కులేసే పద్ధతి కోసం త్రిపురసుందరి మేడమ్ ప్రభుత్వం మొత్తం గాలించారు. రుచికి సంబంధించి ఆమోదం పొందిన పద్ధతి ఒక్కటే దొరికింది. ఏదో శాఖవాళ్ళు ఉగాది పచ్చడి పోటీల కోసం పెట్టుకున్నది. తీపి, పులుపు, ఉప్పు, చేదు, కారం, వగరు. ఒక్కోదానికి పది మార్కులు. ముప్పై అయిదొస్తే పాస్, పదో తరగతికి కూడా అంతే కదా అని.

మంజీర టీ గ్లాసు ఎత్తింది. ద్రాక్షరసంలా తియ్యగా ఉంటుందనుకుంది. లేదు. ముందు నేరేడుపండు వాసన, బాగా పండి రోడ్డు మీద రాలి చితికిన నేరేడు. నోట్లో పోసుకుంటే మొదట పల్చటి పులుపు, వెనకాల చిటికెడు మిరియం. తర్వాత నాలుక పక్కల్ని ఎవరో సన్నగా గిల్లినట్టు, పచ్చి వక్క నమిలినట్టు వగరు. మింగింది. గొంతు దిగాక పెద్దగా గుర్తుండలేదు. వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయిన చుట్టంలా ఉంది. ఇంకో గుక్క తాగింది. మొదటిదాని కంటే బాగుంది.

“చెప్పమ్మా,” అన్నారు చైర్మన్‌గారు, ముందుకి వంగి, ఆమె నోటివంకే చూస్తూ.

“ఈ రేటుకి బానే ఉంది సార్.”

“రేటు మన పరిధిలోకి రాదు. ఉప్పెంత?”

“ఉప్పు లేదు సార్.”

“సున్నానా?” ఆయన బాబ్జీ వైపు తిరిగారు. “ఉప్పెందుకు లేదయ్యా?”

“వైనులో ఉప్పేంటండీ?”

“ఉగాది పచ్చడిలో ఉందిగా.”

బాబ్జీ నోరు తెరిచి, మూసి, “ఆయ్,” అన్నాడు.

తీపి రెండు, పులుపు నాలుగు, చేదు మూడు, కారం ఒకటి. వగరు ఒక్కటే ఏడొచ్చింది. మొత్తం పదిహేడు. “నేరేడు వాసన ఉంది, దానికేమైనా వెయ్యొచ్చా?” అని మంజీర అడిగింది. వాసన ముక్కుకి సంబంధించిందనీ, ముక్కు మండలి అధీనంలో లేదనీ మేడమ్ గుర్తుచేశారు. సీసా ఫెయిలు. అప్పీలు చేసుకుంటే మళ్ళీ రుచి చూస్తారు.

“రేపే ఇంకో సీసా తెస్తానండీ.”

“ఇంకో సీసా అంటే ఇంకో సీసా అవుతుంది. అప్పీలు ఈ సీసా మీద,” అని మేడమ్ గాడిద సీసాకి మూత పైపైన పెట్టి, దారం చుట్టి, లక్కముద్ర వేసి, రికార్డు గదిలో బీరువా మీద పెట్టించారు. రికార్డు గది అంటే పెళ్ళిళ్ళప్పుడు వంటపాత్రలు పెట్టుకునే రేకుల షెడ్డు. అప్పీలు విచారణకి నెల గడువు. బయట ఎండలు మొదలయ్యాయి.

నాలుక ప్రభుత్వానిది అయ్యాక మంజీరకి ఇంట్లో తిప్పలు మొదలయ్యాయి. సదరు నాలుకను పనికొచ్చే స్థితిలో ఉంచవలసిన బాధ్యత ధారకురాలిదేనని ఇంకో ఆర్డరొచ్చింది. అతి వేడి, అతి కారం, నిల్వ పచ్చళ్ళు నిషిద్ధం. అమ్మ సరిగ్గా ఆవేళే కొత్తావకాయ కలిపింది. బేసిన్లో అడుగున మిగిలిన పిండిలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి, ముద్ద చేసి మంజీర నోటిముందు పెట్టింది.

“వద్దమ్మా.”

“ఏమే, ఒంట్లో బాలేదా?”

“నా ఒంట్లో బానే ఉంది. నాలుక ఆఫీసుది.”

“ఏంటీ?”

మంజీర ఆర్డరు చూపించింది. అమ్మ ముద్ద చేత్తో పట్టుకునే మొత్తం చదివింది. “కొత్తావకాయ తిననివ్వని గవర్నమెంటుద్యోగం ఏంటే! పోనీ దీన్నయినా పర్మనెంటు చేస్తారా?”

“చేస్తారేమో. ముందు ఇది, తర్వాత నేను.”

“ముందు మనిషినీ తర్వాత నాలుకనీ చేస్తారుగానీ, ఇదేం వరసే!” అని ఆ ముద్ద అమ్మే తినేసింది. రుచిగా ఉన్న విషయం మొహంలో కనిపించకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

ఆ నెల్లోనే ఆస్తుల తనిఖీకి మనుషులొచ్చారు. కుర్చీలకీ బల్లలకీ ఫ్యాన్లకీ తెల్ల పెయింటుతో నంబర్లేస్తూ, ఆఖరికి చిన్న బ్రష్షు పట్టుకుని మంజీర దగ్గరికొచ్చి “నోరు తెరవండి మేడమ్” అన్నారు. మంజీర నోరు మూసుకుంది. పావుగంట బతిమాలారు, తెరవలేదు. చివరికి మెడలో కార్డు మీద “లోపల: నాలుక, ఒకటి” అని రాసి, ఉన్నట్టు నమ్మకం కోసం ఒక్కసారి చూపించమన్నారు. చూపించింది. మామూలుగా అయితే అలా చూపిస్తే తిడతారు, వాళ్ళు టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయారు.

నెల తిరిగేసరికి అప్పీలు విచారణకి వచ్చింది. లక్కముద్ర పగలగొట్టి సీసా తీస్తే, రేకుల షెడ్డులో ఎండకి ఉడికి ఉడికి నేరేడు వాసన పూర్తిగా ఎగిరిపోయింది. సీసాలోపల రెండు ఈగలు పరమపదించి ఉన్నాయి. వాటిని వడగట్టి గ్లాసులో పోశారు. మంజీర వాసన చూసి దూరం జరిగింది.

“సార్, ఇది వైను కాదు. వెనిగర్.”

“అభిప్రాయాలు చెప్పకమ్మా,” అన్నారు మేడమ్. “అభిప్రాయం చెప్పేది నోరు. నోరు ఏజెన్సీది. మాకు కావల్సింది నాలుక.”

ధనుంజయరావుగారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. “చూడు తల్లీ, ఇది పాసైతే మండలి మొదటి విజయం. నాలుకని క్రమబద్ధీకరించాలని నేనే పైకి రాస్తా. ఫెయిలైతే, నాలుక వల్ల ఉపయోగం లేదని వాళ్ళే కిందకి రాస్తారు. జూన్ ఎంతో దూరం లేదు.”

మంజీరకి లిఫ్టు గుర్తొచ్చింది. లిఫ్టులో అమ్మ, పక్క ఫ్లాటావిడ, ఆ “అయినట్టే”. అబద్ధమాడాలంటే భయపడేదేమో గానీ, ఇక్కడ అబద్ధం ఆడమని ఎవరూ అడగట్లేదు. ఉన్న రుచి ఉన్నట్టు చెప్పమంటున్నారు. గ్లాసెత్తి ఒక్క గుక్క పోసుకుంది. ఒళ్ళంతా జలదరించింది.

“పులుపు?”

“పదికి పదీ వెయ్యండి మేడమ్, ఇంకా ఉంటే అదీ వెయ్యండి.”

“ఆశాజనకం,” అన్నారు చైర్మన్‌గారు. “చేదు?”

“ఎనిమిది.”

“వగరు తొమ్మిది వేసుకోవచ్చా? సరే. కారం?”

“కారం లేదు సార్, గొంతు మండుతోందంతే.”

“మండితే కారమే,” అన్నారు మేడమ్. “ఎనిమిది. ఉప్పు?”

ఆ పాటికి మంజీర కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారి పెదాల దాకా వచ్చేశాయి. తుడుచుకోబోతుంటే మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపారు.

“ఆగు. నాలుకకి తగిలిందా?”

“తగిలింది.”

“ఎలా ఉంది?”

“ఉప్పగా...”

“ఉప్పు, ఆరు,” అని మేడమ్ కూడికలేసి కలం కింద పెట్టారు. తీపి సున్నా వచ్చినా మొత్తం నలభై ఒకటి. ఉగాది పచ్చళ్ళలో కూడా అంత రావడం అరుదట. ధనుంజయరావుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లకి ఒక నెమలి మెడ ఊడి కింద పడింది.

బాబ్జీకి ఆనందం ఆగలేదు. “అయితే సరుకు వదిలేస్తారాండీ?”

“తప్పకుండా. సరుకు నమూనాకి సరిపోలి ఉండాలి, అంతే,” అన్నారు మేడమ్.

“నమూనా అంటే... ఇదాండీ?”

“పాసైంది ఇదేగా.”

బాబ్జీ గోడౌన్లో సీసాలన్నీ చక్కగా, చల్లగా, నేరేడు వాసనతో ఉన్నాయి. అంటే ఒక్కటీ పాస్ అవదు. ఆయన ఏం చేస్తాడు, మనుషుల్ని పెట్టి అన్నిటికీ మూతలు తీయించి, అద్దెకి తీసుకున్న ఒక మేడ మీద వడియాలు ఎండబెట్టినట్టు వరసగా పేర్పించి, పైన తడిగుడ్డలు కప్పించాడు. ఈగల సంగతేం చెయ్యాలని వచ్చి అడిగాడు కూడా. ఈగలు మార్కుల్లో లేవు కాబట్టి ఐచ్ఛికం అన్నారు మేడమ్. మే ఆఖరుకల్లా సరుకంతా నమూనాకి సరిపోలింది. సామాన్యుడు కొనలేదుగానీ, బెజవాడలో నూడుల్స్ బండ్లవాళ్ళు పోటీపడి కొనుక్కుపోయారు. జూన్లో ఫ్రైడ్ రైస్ తిన్న ప్రతివాడూ ఏదో తేడాగా బాగుందన్నాడు. అమ్మకాల అంకెలు చూసి పైవాళ్ళు మండలికి ప్రశంసాపత్రం పంపారు. దాంతోపాటే జూన్ ఆఖరున మంజీర ఆర్డరు కూడా వచ్చింది.

“సదరు నాలుక అందించిన విశిష్ట సేవలను గుర్తించి, దానిని శాశ్వత ప్రాతిపదికన క్రమబద్ధీకరించడమైనది. శేష శరీరము విషయం పరిశీలనలో ఉన్నది.”

చైర్మన్‌గారు వేదిక మీదకి పిలిచి శాలువా కప్పారు. కప్పాక భుజాలు ఏజెన్సీవని గుర్తొచ్చి కొంచెం ఇబ్బందిపడ్డారు. నాలుకకి పే స్కేలుంది, అరవై ఏళ్ళ దాకా సర్వీసుంది. అది ఉన్నది మంజీర నోట్లోనే కాబట్టి శేష శరీరాన్ని కూడా ఏజెన్సీ తీసేయడానికి లేదు. నాలుక పనికి రావాలంటే ఎవరో ఒకరు మోసుకురావాలి కదా. ఉద్యోగం నిలబడింది. పొద్దున్నే రెండు హాజర్లు మాత్రం తప్పలేదు. గేటు దగ్గర ఏజెన్సీ మిషన్లో వేలిముద్ర, లోపల మండలి కెమెరా ముందు నోరు తెరవడం.

జూలైలో బాబ్జీ మళ్ళీ వచ్చాడు. కొత్త సరుకు, అదే గాడిద. ఈసారి జాగ్రత్తగా నమూనా సీసా పట్టుకుని ముందే అడిగాడు, “ఎండబెట్టి తేనాండీ, ఇలాగే ఇచ్చెయ్యనా?”

చైర్మన్‌గారు మూత తిప్పి, టీ గ్లాసులో పోసి, మంజీర వైపు జరిపారు. మంజీర అలవాటుగా అందుకుంది.

“ఒక్క నిమిషం,” అన్నారు త్రిపురసుందరి మేడమ్.

మంజీరకి అర్థమైపోయింది. గ్లాసు అలాగే పట్టుకుని ఆగింది.

“ఆ నాలుక ఇప్పుడు ప్రభుత్వోద్యోగి,” అన్నారు మేడమ్. “పనివేళల్లో తాగకూడదు.”

మెడ లేని నెమలి ఒక్కటే ఫ్యాను గాలికి ఊగుతోంది. మంజీర ఆలోచించింది. ఉద్యోగముంది. జీతం వస్తుంది. చేసే పని మాత్రం చెయ్యకూడదు. వేదిక మీద రెండు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళని చూసింది. అంటే ఇప్పుడు తను కూడా అచ్చంగా వాళ్ళలాంటి ఉద్యోగే. ఇంతకంటే పర్మనెంటు ఏముంటుంది?

“ఏజెన్సీకి రాయమ్మా,” అన్నారు చైర్మన్‌గారు నీరసంగా. “ఇంకో నాలుకని పంపమని. అనుభవం లేనిదైతే మంచిది, ఉంటే ఇలాగే పర్మనెంటు అడుగుతుంది.”

మంజీర రాసింది. ఐదైంది. అందరూ లేచారు. మూత తీసిన సీసా వేదిక మీదే ఉండిపోయింది. రేపు సీలు వేసి షెడ్డులో పెట్టిస్తానని మేడమ్ అన్నారు. బాబ్జీ మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. మంజీర కంప్యూటరు ఆపి, సంచీ భుజానికేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూసింది. గోడ గడియారం ఐదూ పది చూపిస్తోంది. నాలుక డ్యూటీ దిగింది. శేష శరీరం డ్యూటీ కూడా దిగింది. ఇప్పుడు ఉన్నది ఉత్త మంజీర.

వెనక్కొచ్చి, వేదిక మెట్ల మీద కూర్చుని, గ్లాసులో పోసుకుంది. నేరేడు. చిటికెడు మిరియం. వక్క నమిలినట్టు వగరు. ఎవరికీ ఏ అంకే చెప్పక్కర్లేదు.

తలుపు కిర్రుమంది. ధనుంజయరావుగారు. “కళ్ళజోడు మర్చిపోయానమ్మా,” అన్నారు. కళ్ళజోడు మొహానే ఉంది. కాసేపు తచ్చాడి, పక్కన మెట్టు మీద కూలబడి, “ఇప్పుడు నేను బయటి వ్యక్తిని,” అన్నారు. మంజీర ఆయనకో గ్లాసు పోసింది. ఆయన రెండు గుక్కలు తాగి చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. “ఏడాదిన్నర,” అన్నారు. “ఏడాదిన్నర నుంచీ ఈ పనికి జీతం తీసుకుంటున్నా. ఇదా ఇది!”

ఇంకోసారి తలుపు కిర్రుమంది. త్రిపురసుందరి మేడమ్ లోపలికొచ్చి, ఇద్దర్నీ చూసి, సంచీలోంచి టిఫిన్ బాక్సు తీసి మూత చేత్తో పట్టుకున్నారు.

“పొయ్యమ్మా. ఈ టైములో మీరెవరో నాకు తెలీదు.”

ఆవిడ మూతతోనే తాగారు. పెదాలు చప్పరించి, “ఉప్పు లేదు,” అన్నారు. కాసేపాగి, “అక్కర్లేదు కూడా,” అన్నారు. బయటి వ్యక్తులు ముగ్గురూ ఏకగ్రీవంగా సీసాని పాస్ చేసి, గ్లాసులు కొళాయి కింద కడిగి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. రేప్పొద్దున ఈ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తెలిసే అవకాశం లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురైంది. పక్క ఫ్లాటావిడ అప్పుడే లిఫ్టెక్కినట్టుంది.

“ఆవిడకి ఏం చెప్పాలో తెలీక చస్తున్నానే. ఇంతకీ పర్మనెంటు అయినట్టా, కానట్టా? ఎంతవరకొచ్చింది?”

మంజీర నాలుక బయటపెట్టి చూపించింది. “ఇంతవరకు.”

అమ్మ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చి చూసింది. కొసదాకా ముదురు ఊదారంగు.

“నేరేడుపళ్ళు తినొచ్చావా? నాకు రెండు తేవద్దూ! ఎలా ఉన్నాయి?”

“ఆ రేటుకి బానే ఉన్నాయి,” అని మంజీర సంచీ పడేసి కంచం ముందు కూర్చుంది. “అన్నం పెట్టు. ఆవకాయ వెయ్యి, బోలెడు వెయ్యి. మళ్ళీ పొద్దున పదింటి దాకా ఇది నాదే.”